సులువుగా దిగిన కొక్కెం

ఈ ఇల్లు కొన్నప్పుడు గ్యారేజీలో రెండు కార్లు పడతాయని చెప్పారు. అబద్ధం కాదు, పడతాయి. కార్లు పెట్టాక మనుషులు తలుపు తీసుకుని దిగాలని, ఆ మనుషులకి నాలుగు సైకిళ్లు కూడా ఉంటాయని మాత్రం లెక్క వేసుకున్నట్టు లేరు. మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. నాకూ మా ఆవిడకీ చెరొక సైకిలు, ఆరో తరగతి చదివే అమ్మాయికి ఒకటి, ఏడేళ్ల చిన్నోడికి ఒకటి. నాలుగూ గ్యారేజీ వెనక గోడకి ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉండేవి. చిన్నోడు తనది లాగితే మిగతా మూడూ వరసగా ఒరిగేవి.

నేలకి స్టాండు బిగిద్దామనుకున్నాను. కానీ మా గ్యారేజీ గుమ్మం దగ్గర కాంక్రీటు మీద అచ్చు గుద్ది ఉంది: ఇది పోస్ట్ టెన్షన్ శ్లాబు, కొయ్యవద్దు, డ్రిల్ చేయవద్దు అని. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. ఆ కదలికకి ఇల్లు పగలకుండా శ్లాబులో ఉక్కు తీగలు వేసి, వాటిని బలంగా లాగి బిగించి ఉంచుతారు. ఆ తీగకి డ్రిల్లు తగిలే సాహసం నాకు అక్కర్లేదు. ఒక పక్క గోడకి కరెంటు ప్యానెల్ ఉంది, దాని ముందు 36 అంగుళాలు ఖాళీ ఉండాలి. రెండో పక్క వాటర్ హీటరు. ఇక మిగిలింది కప్పు.

హోమ్ డిపోకి వెళ్లి రబ్బరు తొడుగు ఉన్న పెద్ద కొక్కేలు నాలుగు కొన్నాను. ఒక్కోటీ మూడు నాలుగు డాలర్లు. కొస మర మేకులా ఉంటుంది, తిప్పి ఎక్కించడమే. గ్యారేజీ కప్పు మనకి కనపడేది అర అంగుళం మందం డ్రైవాల్. అంటే రెండు కాగితపు అట్టల మధ్య జిప్సం పొడి. దానికి బరువు ఆగదు. దాని వెనక చెక్క దూలాలుంటాయి, ఇక్కడ జాయిస్టులంటారు. కొక్కెం దూలంలోకి దిగాలి. అది నాకు తెలుసు. అందుకే స్టడ్ ఫైండరు కూడా కొన్నాను. కప్పుకి ఆనించి జరిపితే, వెనక చెక్క రాగానే బీప్‌మంటుంది. బీప్‌మన్న చోట పెన్సిలు గీత పెట్టి, సన్నగా బెజ్జం వేసి, కొక్కెం తిప్పాను. ఎంత బాగా దిగిందో! రెండు వేళ్లతో తిప్పితే చివరిదాకా వెళ్లిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయి అమ్మాయి సైకిలు తగిలించి, ఫొటో తీసి ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపాను.

తొమ్మిదో రోజు రాత్రి పదకొండున్నరకి గ్యారేజీలోంచి పెద్ద చప్పుడు. రకూన్ లాంటి జంతువేదైనా దూరిందేమో అనుకున్నాను. తలుపు తీసి లైటు వేస్తే సైకిలు కారు బానెట్ మీద అడ్డంగా పడుకుని ఉంది. వెనక చక్రం ఇంకా మెల్లగా తిరుగుతోంది. అప్పుడు కప్పు కింద ఎవరూ లేరు. పొద్దున ఏడున్నరకి అయితే సరిగ్గా ఆ చోటే చిన్నోడు బూట్లు వేసుకుంటూ ఉంటాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. చక్రాన్ని చేత్తో ఆపి, లైటు తీసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా అంత టెన్షన్ పడేవాణ్ని కాదు.

ఆ నెలలో నాన్న మా దగ్గరే ఉన్నారు, ఏప్రిల్‌లో వచ్చారు. తెనాలి దగ్గర మా ఊళ్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే కిందపడ్డ కొక్కెం చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. "చూడరా" అని చూపించారు. మరల్లో ఒక పక్క చెక్క పీచు ఇరుక్కుని ఉంది. రెండో పక్క తెల్లటి సుద్ద పొడి. పైన డ్రైవాల్‌లో నా వేలు పట్టేంత కన్నం. కొక్కెం దూలంలోకి దిగలేదు. దూలం అంచుని గీరుకుంటూ, సగం చెక్కలో, సగం గాలిలో ఉంది. స్టడ్ ఫైండరు బీప్‌మన్నది చెక్క మొదలైన చోట. నేను అదే మధ్య అనుకున్నాను.

"తిప్పేటప్పుడు కష్టమయిందా?"

"లేదు నాన్నా, సులువుగానే దిగింది."

"అప్పుడే తెలిసుండాలి."

మా ఊరి ఇల్లు 1991లో కట్టారు. హాల్లో ఉయ్యాల బల్లకి రెండు కొక్కేలుంటాయి. వాటి కథ నాన్న ఆ రోజు మళ్లీ చెప్పారు. శ్లాబు పోసే ముందే మేస్త్రి లావుపాటి ఊచని వంచి, సెంట్రింగ్ మీద పరిచిన ఇనప ఊచల పైనుంచి తగిలించి, కొన మాత్రం కిందికి వచ్చేలా కట్టాడట. ఆ తర్వాతే కాంక్రీటు. "మీ అమ్మా, నువ్వూ, మీ తమ్ముడూ ముగ్గురూ ఎక్కి ఊగినా ఆ కొక్కెం వేలాడేది కాంక్రీటుకి కాదు, లోపలి ఊచలకి. నీ కొక్కెం దేనికి వేలాడిందో నీకే తెలీదు. ముందు పైకెక్కి చూసి రా."

పైకి అంటే అటక. గ్యారేజీ కప్పులోంచే లాగితే దిగే నిచ్చెన ఉంది మాకు. మే నెలలో కూడా టెక్సస్ అటకలో పదింటికల్లా పెనం మీద కూర్చున్నట్టుంటుంది. పొద్దున ఆరున్నరకే ఎక్కాను. మాస్కు, పొడుగు చేతుల చొక్కా, తలకి లైటు. అక్కడంతా ఊది నింపిన గాజు దూది, ఒంటికి తగిలితే రోజంతా దురద. కాలు దూలం మీదే పెట్టాలి. దూది మీద పెడితే డ్రైవాల్ చిరిగి కాలు గ్యారేజీలోకి దిగుతుంది. దూది పక్కకి తోసి కొలిచాను. 2 బై 6 చెక్కలు. పేరుకి 2 బై 6 గానీ నిజానికి మందం అంగుళంన్నర, ఎత్తు ఐదున్నర. ఒకదాని మధ్యనించి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాలు. ముందు నుంచి వెనక్కి వరసగా వెళ్తున్నాయి.

నేను అసలు చూడాల్సింది ఇంకోటి ఉంది. అవి విడి దూలాలా, లేక ట్రస్సులా అన్నది. ట్రస్సు అంటే ఫ్యాక్టరీలో త్రికోణాలుగా అమర్చి, కీళ్ల దగ్గర పళ్లున్న ఇనప రేకులు నొక్కి తెచ్చే చట్రం. వీటి మధ్య దూరం 24 అంగుళాలు ఉండటం మామూలే. ట్రస్సు కింది కర్రని చాలా ఇళ్లలో కప్పు బరువు మోయడానికే లెక్క కట్టి పెడతారు, సామాను వేలాడదీయడానికి కాదు. రెండు వీధుల అవతల మా స్నేహితుడి గ్యారేజీలో ట్రస్సులే. వాడు నా మాట విని, ఇంజనీరుకి చూపించకుండా ఏమీ కట్టనని గోడకి మారాడు. మావి విడి దూలాలు. ఊపిరి పీల్చుకున్నాను, మాస్కులోంచే.

కింద నుంచి దూలం ఎక్కడుందో పట్టడానికి ఈసారి స్టడ్ ఫైండరుని పక్కన పెట్టాం. డ్రైవాల్‌ని దూలాలకే మర మేకులతో బిగిస్తారు కదా, మేకు ఉన్న చోట అయస్కాంతం అంటుకుంటుంది. మా అమ్మాయి ఫ్రిజ్ మీది అక్షరాల అయస్కాంతాలు తెచ్చింది. నిచ్చెన మీద నేను, కింద నుంచి అందిస్తూ తను. ఎర్ర బి ఒక చోట అంటుకుంది, దాని వరసలోనే పచ్చ ఎస్, నీలం క్యూ. పావుగంటలో కప్పు మీద రంగురంగుల అక్షరాలు ఐదు వరసలు కట్టాయి, వరసకీ వరసకీ 16 అంగుళాలు. నాన్న కుర్చీలో కూర్చుని తల పైకెత్తి లెక్కపెడుతున్నారు. మా ఆవిడ టీ తెచ్చి, "ఏం చేస్తున్నారు మామయ్యగారూ" అంటే, "కొడుకింట్లో తింటూ వాసాలు లెక్కపెడుతున్నానమ్మా" అన్నారు.

మేకు ఎక్కడుందో తెలిస్తే దూలం ఎక్కడుందో తెలుస్తుంది, దాని నడిమధ్య మాత్రం తెలీదు. మేకు కొట్టినవాడు కూడా అంచుకి కొట్టి ఉండొచ్చు. అందుకని అన్నిటికంటే సన్నని డ్రిల్ బిట్ పెట్టి, అటూ ఇటూ పావు అంగుళం చొప్పున జరుపుతూ పొడిచాను. చెక్క ఉంటే బిట్ మొరాయిస్తుంది, బయటికొస్తే కొసన లేతరంగు పొట్టు ఉంటుంది. చెక్క దాటగానే గబుక్కున లోపలికి పోతుంది, పొడి తెల్లగా వస్తుంది. రెండు అంచులూ దొరికాక వాటి మధ్య అంగుళంన్నర ఉందో లేదో కొలిచి, నడుమ గీత పెట్టాం. ఐదు దూలాలకీ ఇలాగే. మొత్తం పనిలో ఎక్కువ సేపు పట్టింది ఇదే, దాదాపు రెండు గంటలు. కళ్లద్దాలు పెట్టుకోకుండా చేస్తే సుద్ద అంతా కళ్లలోనే. మొదటిసారి పెట్టుకోలేదు కూడా.

కొక్కేలు నేరుగా దూలాలకే బిగించొచ్చు. కానీ దూలాలు 16 అంగుళాలకి ఒకటి ఉన్నాయి, మా పెద్ద సైకిళ్ల హ్యాండిళ్లు 24 అంగుళాల వెడల్పు. మనకి కావలసిన చోట దూలం ఉండదు. దీనికి దారి, దూలాలకి అడ్డంగా ఒక పలక బిగించి, కొక్కేలు దానికి పెట్టుకోవడం. ఆరడుగుల 2 బై 4 కర్ర తెచ్చాం. వంకర లేనిది ఏరడానికి నాన్న షాపులో పది కర్రలు తీసి, ఒక్కోదాన్నీ కంటికి ఆనించి బాణంలా చూశారు. పక్కనున్నాయన కూడా చూసి అలాగే చేశాడు.

కర్ర వెడల్పు వైపు కప్పుకి ఆనేలా పడుకోబెట్టి, ఐదు దూలాలకీ ఐదు లాగ్ స్క్రూలు, అంటే పానాతో బిగించే లావుపాటి మర మేకులు. ఇవి అంగుళంలో పదహారు వంతులు చేస్తే ఐదు వంతుల మందం, నాలుగున్నర అంగుళాల పొడవు. లెక్క ఇది: కర్ర అంగుళంన్నర, డ్రైవాల్ అర అంగుళం, మిగిలిన రెండున్నర దూలంలోకి. ఈ మందం స్క్రూ మెత్తటి చెక్కలో సరిగ్గా దిగితే, మర పట్టిన ఒక్కో అంగుళానికీ సుమారు రెండు వందల పౌండ్లు లాగినా ఆగేలా లెక్క కడతారు. చిన్నోడిది వదిలేస్తే మా సైకిళ్లు మూడూ కలిపి వంద పౌండ్లు దాటవు. బాత్రూం స్కేలు మీద సైకిలు పట్టుకుని నిలబడి, నా బరువు తీసేసి చూశాను. నాది 29 పౌండ్లు, ఆవిడది 33, అమ్మాయిది 25. నా బరువు సంగతి ఇక్కడ అనవసరం.

బెజ్జాల విషయంలో ఒక మెలిక. కర్రలో బెజ్జం స్క్రూ మందమంతా ఉండాలి, స్క్రూ అందులో వదులుగా జారాలి. దూలంలో బెజ్జం మాత్రం మరలు తీసేస్తే మిగిలే కాండం మందమే ఉండాలి. నేను 3 బై 16 బిట్ వాడాను. కర్రలో కూడా మర పట్టేస్తే కర్రకీ కప్పుకీ మధ్య సందు అలాగే ఉండిపోతుంది, బిగిసినట్టు అనిపిస్తుందే గానీ బిగియదు. దూలంలో బెజ్జమే వేయకపోతే చెక్క చీలిపోవచ్చు. నేను నిచ్చెన మీద ఉంటే నాన్న చీపురు కర్రకి పాత టవలు చుట్టి, దాంతో పలకని కప్పుకి ఎత్తి పట్టారు. మొదటి స్క్రూ సగం దిగేసరికే నా చెయ్యి వణికింది. రాచెట్ పానా పెట్టి పావు చుట్టు, పావు చుట్టు. చివరి రెండు చుట్లకి చెక్క కిర్రుమంది. కింద నుంచి నాన్న, "ఆ... ఇదీ" అన్నారు.

కొక్కేలు కూడా అంతే. రెండు వేళ్లతో తిరిగే కాలం పోయింది. కొక్కెం వంపులో స్క్రూడ్రైవరు అడ్డంగా దూర్చి, దాన్ని పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. రెండు కొక్కేల మధ్య 18 అంగుళాలు వదిలాం. ఒక సైకిలు ముందు చక్రానికి, దాని పక్కది వెనక చక్రానికి తగిలిస్తే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు.

సైకిళ్లు తగిలించే ముందు పరీక్ష. దానికి మా ఇంట్లో దొరికే తూకం రాళ్లు సోనా మసూరి బస్తాలు, ఒక్కోటి 20 పౌండ్లు. నాలుగు బస్తాలు పెద్ద ప్రయాణపు సంచిలో వేసి, ఒక్కో కొక్కేనికీ ఒక్కో రాత్రి వేలాడదీశాం, కింద కారు లేకుండా. 80 పౌండ్లంటే నా సైకిలుకి మూడింతలకి కొంచెం తక్కువ. "బియ్యం నేలపాలు చేశారంటే మీ ఇద్దరికీ అన్నం ఉండదు" అని మా ఆవిడ హెచ్చరించింది. నాన్న కొక్కెం మొదట్లో పలక మీదకి కూడా వచ్చేలా పెన్సిలుతో చిన్న గీత గీశారు. కొక్కెం పిసరంత తిరిగినా ఆ గీత విరిగినట్టు కనపడుతుంది. పొద్దున లేచి కాఫీ కంటే ముందు గీత చూసేవాళ్లం. కదల్లేదు.

అసలు ఇబ్బంది తర్వాత తెలిసింది. మా కప్పు తొమ్మిదడుగులు. నా సైకిలు నిలువుగా తగిలిస్తే కింది చక్రం నా నడుము దగ్గరకి వస్తుంది, కారు ముక్కు దాని కిందకి దూరుతుంది. అంతా బాగుంది. కానీ ఆ 29 పౌండ్లని నిలబెట్టి, గాల్లోకి మూడడుగులు ఎత్తి, చక్రాన్ని కొక్కేనికి దొరకబుచ్చుకోవాలి. నేను చేయగలను. మా ఆవిడ ఒకసారి ప్రయత్నించి, "నాకు సైకిలు కావాలంటే నిన్ను లేపాలన్నమాట" అంది. ఆవిడది ఇప్పటికీ నేనే దించుతాను. నన్నడిగితే రోజూ వాడేదాన్ని కప్పుకి కట్టడం తెలివితక్కువ. చిన్నోడి సైకిలు కిందే, పెద్దవాటి చక్రాల కింద ఖాళీలో పెట్టాం.

అమ్మాయి సైకిలుకి తాడూ గిలకల సెట్టు కొన్నాం. సైకిలు పడుకున్నట్టే అడ్డంగా పైకి లేస్తుంది. ఒక కొక్కెం హ్యాండిలుకి, ఇంకోటి సీటుకి. తాడు లాగితే బరువు సగమే అనిపిస్తుంది, ఎందుకంటే గిలక సైకిలు వైపు కూడా ఉంది. నాన్న దాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. "మన బావి గిలక! దీనికి పాతిక డాలర్లా?" ఆయన నేర్పిన జాగ్రత్త మాత్రం డబ్బాలో వచ్చిన కాగితం కంటే బాగుంది. దాని తాళం తాడుని దానంతటదే పట్టుకుంటుంది, కానీ పక్కకి లాగితే వదిలేస్తుంది. అందుకని గోడకి బిగించిన కొమ్ముల గూటానికి తాడుని ఎనిమిది అంకెలా మూడు చుట్లు చుట్టాలి. బావి దగ్గర తాడు జారితే బొక్కెనే పోయేది, ఇక్కడ కింద పిల్లలుంటారు. దించడం, ఎత్తడం పెద్దవాళ్లే చేయాలన్నది ఇంట్లో రూలు.

నాన్నకి ఇంకో ఆలోచన వచ్చింది. గ్యారేజీ తలుపు పైకి జరిగే ఇనప పట్టాలున్నాయి కదా, వాటికే ఒక సైకిలు కట్టేస్తే సరిపోదా అని. వద్దన్నాను. అవి తలుపు నడవడానికి పెట్టినవి. తలుపు పైన అడ్డంగా ఉండే స్ప్రింగు జోలికి అసలే పోకూడదు, దానిలో ఉన్న బిగువు మనిషి ప్రాణం తీయగలదు. తలుపు పూర్తిగా తెరిచి, తాళ్లకి ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాం. మర్నాడు తలుపు సగం మూసుకుని మళ్లీ తెరుచుకుపోవడం మొదలెట్టింది. అరగంట నా పలకనే అనుమానించాను. తీరా చూస్తే చిన్నోడు సైకిలు గుమ్మం పక్కన, నేలకి కాస్త ఎత్తులో ఉండే సెన్సారుకి అడ్డంగా వదిలాడు. ఇక్కడ 1993 తర్వాత వచ్చిన తలుపు మోటార్లకి ఇలాంటి రక్షణ ఏదో ఒకటి ఉండి తీరాలి. పాపం అది దాని పని అది చేసింది.

నెల తర్వాత నా సైకిలు దించి బయల్దేరితే బ్రేకు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేసింది. ఆయిల్ డిస్కు బ్రేకులవి. గొట్టంలో ఎక్కడో చిన్న గాలి బుడగ ఉండి, సైకిలు నిలువుగా వేలాడేసరికి అది చోటు మారింది. సందు చివర ఎదురుగా చెత్త బండి. కాళ్లతో ఆపుకున్నాను. నాలుగైదు సార్లు నొక్కితే గట్టిపడింది. తర్వాత గాలి తీయించాను. అప్పటినుంచి దించగానే ఎక్కడానికి ముందు బ్రేకులు పిసికి చూడటం అలవాటయింది.

బానెట్ మీద సొట్ట అలాగే ఉంది. బాగుచేయించడానికి అడిగిన డబ్బుతో ఇంకో సైకిలు వస్తుంది.

నాన్న సెప్టెంబరులో వెళ్లిపోయారు. జనవరిలో ఒక ఆదివారం ఫోన్లో మాట్లాడుతూ, "పలక ఆరిపోయి ఉంటుంది, స్క్రూలు చూశావా" అన్నారు. చూశాను. కొత్త కర్ర ఆరితే కాస్త కుంచించుకుంటుందట, మా అటక వేసవంతా పొయ్యిలా కాలింది. ఐదింటిలో రెండు స్క్రూలు పావు చుట్టు పట్టాయి. అదే చెప్పాను.

"పావు చుట్టు సులువుగా తిరిగిందా, కష్టంగానా?"

"కష్టంగానే నాన్నా. చెయ్యి నొప్పెట్టింది."

"సరే. అమ్మకిస్తున్నా, మాట్లాడు" అన్నారు.